ఆగిన ఇంజనులో కదిలిన ముల్లు

ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా కళ్ళ ముందు, నా చేతి కింద జరిగింది. నా పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాను... నవ్వుకుంటే తర్వాత నవ్వుకోండి.

యుద్ధం రోజులవి. గురజాలకు పైన, కృష్ణలో ఒక కంట్రాక్టరు లాంచీ నడిపేవాణ్ణి. లాంచీలో డైనమో ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే అది బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తుంది. ఎంత ఎక్కాలో చూసుకోవడానికి ఒక చిన్న నల్లపెట్టె, రెగ్యులేటరు. పని చేస్తున్నంతసేపూ లోపల టిక్... టిక్... అంటుంది.

ఆ వారం అది చెడింది. కరెంటుకు అడ్డూ ఆపూ లేకుండా పోయింది. బ్యాటరీలో యాసిడ్ నీళ్ళు కుతకుత ఉడికేవి. కొత్త పెట్టె ఎక్కడా దొరకదు. గురజాల మెకానిక్ మస్తాన్ ఒక ఉపాయం చెప్పాడు. ఉడకడం మొదలెట్టగానే డైనమో వైరు పీకెయ్యి, చల్లారాక మళ్ళీ తగిలించు అన్నాడు. అంటే ఆ పెట్టె పని నేనే చెయ్యాలి.

ఒక సాయంత్రం అవతలి ఒడ్డున లాంచీ కట్టేసి ఉన్నాను. చీకటి పడుతోంది. రాహేలమ్మ అనే పెద్దావిడ లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వెనక, మంచం మీద ఆమె కోడలు కరుణమ్మను మోసుకొస్తున్నారు.

"కోటయ్యా, నిన్నటి నించీ నొప్పులు పడతంది. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని నా వల్ల గాదంది. మీ ఒడ్డున ఆసుపత్రికి చేర్చు నాయనా."

"ఏరు చానా పోటు మీదుందమ్మా. చెట్లకు చెట్లే కొట్టుకొస్తన్నయ్."

"ఈడనే ఉంటే ఇద్దరూ పోతారయ్యా."

ఇంకేం మాట్లాడతాను? అత్తాకోడళ్ళను ఎక్కించుకున్నాను. "ఆ లాంతరు ఆర్పమ్మా. బ్యాటరీ గాలికి నిప్పు తగిలితే పేలుద్ది" అన్నాను.

ఏటి నడిమికి వచ్చేసరికి ముక్కు మండే పుల్లటి వాసన. బ్యాటరీ ఉడుకుతోంది. వైరు పీకేశాను. మొద్దులు కనబడాలి కదా, ముందున్న పెద్ద లైటు మాత్రం ఆర్పలేదు. అక్కడే దెబ్బతిన్నాను. లైటుకూ, ఇంజను అంటుకునే స్పార్కుకూ కరెంటు ఇచ్చేది ఆ బ్యాటరీయే. వారమంతా ఉడికి అందులో సత్తువే లేదు. లైటు పసుపుబారింది... ఎర్రబారింది... ఇంజను దగ్గి, దగ్గి, ఆగిపోయింది.

ఇక నీళ్ళ హోరే. దిగువన బండల మీద ఏరు విరుచుకుపడుతోంది. లాంచీ అడ్డం తిరిగి అటే పోతోంది.

పెద్ద లైటు ఆర్పేసి హ్యాండిల్ తిప్పాను. స్పార్కు లేదు. మళ్ళీ తిప్పాను. చెమటకు చేతులు జారుతున్నాయి. చీకట్లో కరుణమ్మ మూలుగు, రాహేలమ్మ ప్రార్థన... అప్పుడు...

టిక్.

హ్యాండిల్ వదిలి చెవి ఒగ్గాను.

టిక్... టిక్...

నల్లపెట్టెలో నుంచే. డైనమో మీద చెయ్యి పెట్టాను. కదలడం లేదు. వైరు తగిలించి ఉందేమోనని తడిమాను. పీకింది పీకినట్టే, నా మోకాలి దగ్గర వేలాడుతోంది. మరి ఈ చప్పుడు ఎక్కడిది?

బ్యాటరీకి కరెంటు ఎంత ఎక్కుతోందో చూపే మీటరు పక్కన చిన్న బల్బు ఆరిపోయి ఉంది. అది మెల్లగా... నిప్పు రాజుకున్నట్టు... వెలిగింది. మీటరులో ముల్లు సున్నా దగ్గర ఉండాలి. అది కుడివైపుకు జరిగింది. కరెంటు ఎక్కే వైపుకు. కాస్త ఆగింది. ఇంకాస్త జరిగింది.

"నీ పక్కన ఎవరయ్యా?" చీకట్లోంచి రాహేలమ్మ గొంతు.

"ఎవరూ లేరమ్మా."

"ఉన్నారు. కూసోని ఏందో పని చేసుకుంటన్నారు."

పక్కకు తిరిగి చూసే ధైర్యం లేదు. హ్యాండిల్ అందుకుని ఒక్క తిప్పు తిప్పాను. ఇంజను అంటుకుంది!

నురుగు మొహాన కొడుతుండగా బండల పక్కగా బయటపడ్డాం. దారి పొడవునా టిక్ టిక్ వినబడుతూనే ఉంది. ఒడ్డు తగిలాక ఆగింది.

బండి కట్టించి ఆసుపత్రికి చేర్చాం. తెల్లవారేలోపు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు మస్తాన్ నల్లపెట్టె మూత తీశాడు. లోపల టిక్ టిక్ అని కొట్టుకోవాల్సిన రెండు బిళ్ళలూ కరిగి ఒకటే ముద్దయి ఉన్నాయి.

"ఇది కొట్టుకోదన్నా. ఎప్పుడో అతుక్కుపోయింది."

"మరి ఇంజను ఎట్టా అంటుకుంది?"

"లైటు ఆర్పావుగా. కాసేపు పని లేకపోతే బ్యాటరీకి కొంచెం జీవం వస్తది."

"ముల్లు కదిలిందిగా మస్తాన్? నేను విన్నదేంది?"

అతను పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత మూత బిగించేశాడు.

ఏరు తగ్గాక రాహేలమ్మ మనవరాలిని ఎత్తుకుని లాంచీ ఎక్కింది. పిల్ల నిండుగా, నిగనిగలాడుతూ ఉంది.

"ఆ రాత్రి నీ పక్కన కూసున్నాయన ఎవరో తెలిసిందా నాయనా?"

"లేదమ్మా."

"తెలిస్తే కబురుపెట్టు. పిల్లని చూపియ్యాల."

అలాగేనన్నాను. ఎవరిని అడగాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.