బొరియ వాకిట నిలబడే గూబ

ఈ నాలుగు మాటలు రాసి పెట్టకపోతే, నేను మొన్న చెప్పిన అబద్ధమే మా ఇంటి చరిత్రగా మిగిలిపోతుంది. బాలాపూర్‌లో చుట్టాల ఇంటికి పోతూ విమానాశ్రయం ప్రహరీగోడ పక్క రోడ్డు మీద మా కారు ఆగినప్పుడు, ఆ గోడ కింది తూములోంచి రెండు పగిడికంటెలు, అరచేతిలో పట్టేంత చిన్న గూబలు, తొంగిచూశాయి. "అమ్మమ్మా, గవ్వి గా బొక్కలనే ఉంటయా? మరి నువ్వు చిన్నగున్నప్పుడు యాడ ఉంటుండె?" అని మనుమరాలు ఒక్క ఊపిరిలో అడిగింది. "గదిగో, గా దిక్కు" అని మామిడిపల్లి మేడల వైపు వేలు చూపించాను. ఆ ఊళ్లో మేం ఏనాడూ లేము.

మేమున్నది ఆ గోడకు అవతల, రాళ్లు తీసి వదిలేసిన క్వారీ గుంతలో. రాళ్లు కొట్టే మా బాపు గుంత పక్కనున్న మొరం గట్టును తొలిచి ఒక గది చేసి, ముందు తాటాకులు కప్పాడు. ఎండాకాలం చల్లగానే ఉండేది గాని, పొయ్యి వెలిగిస్తే పొగ పోయే దారి లేక అందరం వాకిట్లోకి వచ్చేవాళ్లం. నేను బడి వదిలాక మామిడిపల్లి పిల్లలతో వాళ్ల పొలిమేర దాకా నడిచి, వాళ్లు ఇళ్లకు చేరాక వెనక్కి తిరిగేదాన్ని. ఒకనాడు కొందరు నా వెనకాలే వచ్చి, నేను గుంతలోకి దిగడం చూశారు. మర్నాటి నుంచి నా పేరు "బొంద గూబ", అంటే గుంతలో ఉండే గూబ. గూబ ఇంటి మీద వాలితేనే అరిష్టమనుకునే చోట ఆ పేరు మోయలేక బడి మానేసి, ఇంట్లో తెలియకుండా శంషాబాద్ గ్రంథాలయంలో కూర్చునేదాన్ని.

అక్కడ పుస్తకాలు చూసుకునే చాచా ఒకరోజు బొమ్మలున్న పక్షుల పుస్తకం నా ముందు పెట్టాడు. అందులో మన పగిడికంటెకు దగ్గరి చుట్టం, దూరదేశపు గూబ ఒకటుంది. అది వేరే జంతువులు తవ్వి వదిలేసిన బొరియలో కాపురం పెడుతుందట, నేల మీద తిరగడానికి కాళ్లు పొడుగట, లోపల చెడుగాలి నిండినా మిగతా పిట్టల కంటే బాగా ఓర్చుకుంటుందట. వాకిట్లో పేడ పరిచి, దానికోసం వచ్చే పురుగులను తింటుందట. దాని పిల్లలు ఆపద వస్తే చీకట్లోంచి అచ్చం పాములా చప్పుడు చేస్తాయట. చదువుతుంటే మా పొగ, మా గుంత, వాకిట్లో అమ్మ ఆరబెట్టే పిడకలు వరుసగా కళ్లముందు నిలిచాయి.

ఇంటికి ఉరికి అంతా చెప్పేశాను. ఆ తొందరలో బడి మానిన సంగతి కూడా బయటపడింది. పిడకలు చరుస్తున్న అమ్మ చెయ్యి ఆగింది. "గా పిట్టకు దేవుడు పొడుగు కాళ్లిచ్చిండు, నీకు పొడుగు నోరిచ్చిండు. రేపు బడికి పోతవా, నన్ను రమ్మంటవా?" ఆ పేడ చేతులతో అమ్మ బడికి వస్తుందన్న భయమే నన్ను మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ తల దించుకుంటున్నాను.

సెలవునాడు ఆ పిల్లలే గుంత గట్టు మీదికి వచ్చి "బొంద గూబా, బయటికి రా" అని అరిచారు. నేను చీకటి గదిలోంచి గూబపిల్లలా బుసకొట్టాను. "పాము రా బై, పాము!" అంటూ ఒకరి మీద ఒకరు పడుతూ ఉరికారు. అమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. చదువు నాకు అక్కరకొచ్చిన మొదటి రోజు అదే.

తరువాత ఎన్ని పుస్తకాలు చదివానో, ఎందరికి పక్షుల కబుర్లు చెప్పి మెప్పు పొందానో! ఆ పేజీలోనే ఉన్న ఒక్క సంగతి మాత్రం ఒంటబట్టలేదు: ఆ గూబ పట్టపగలు, అందరూ చూస్తుండగా, తన బొరియ వాకిట్లోనే నిలబడుతుందట.

ఇంతకాలం నలుగురిలో చెప్పని పేర్లు ఇవి. మొరం తొలిచి నీడ ఇచ్చిన మా బాపు మల్లయ్యకు, పిడకలమ్మి నన్ను చదివించిన మా అమ్మ నర్సమ్మకు, ఎవరి పిల్లవని అడగకుండా పుస్తకమిచ్చిన ఖాదర్ చాచాకు, నన్ను ఆ మాట అడిగిన మా మనుమరాలు శ్రావణికి నేను రుణపడి ఉన్నాను. చూపిద్దామంటే ఇప్పుడు గుంత లేదు, విమానాశ్రయం కోసం పూడ్చిన చోట ఎవరూ అడుగుపెట్టని పచ్చగడ్డి పెరుగుతోంది. అయినా మళ్లీ ఆ దారిన పోయినప్పుడు శ్రావణికి ఆ గడ్డినే చూపిస్తాను.