‘ఈడ లేడు’ అన్న జవాను

1943. చిత్తూరులో ఒక క్రిమినల్ వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నాను. గుమాస్తా అంటే రాతపని అనుకుంటారు అందరూ. మా పనిలో సగం తిరుగుడే. పోలీసులు ఎవరినైనా పట్టుకుపోతే, ముందు ఆ మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవాలి. బెయిలు మాట ఆ తర్వాతే. విచారణకు ముందు కోర్టు ఉత్తర్వుతో కొన్నాళ్లు లోపల ఉంచడాన్ని రిమాండు అంటారు. అలాంటివాళ్లను తాలూకా కచేరీ ఆవరణలోనే ఉండే సబ్ జైలులో పెట్టేవారు. నాలుగు గదులు, ఒక ఇనుప గేటు, దాని ముందు ఒక జవాను. ఆ జవాను నోరు విప్పితేనే లోపల ఎవరున్నారో బయటివాళ్లకు తెలిసేది.

బంగారుపాళ్యం పక్క పల్లె నుంచి మునెమ్మ అనే ఆమె మా ఆఫీసుకు వచ్చింది. మైసూరు సీమలో బాలింతగా ఉన్న ఆమె చెల్లెలికి బియ్యం మూట తీసుకుపోతూ భర్త పట్టుబడ్డాడు. యుద్ధం రోజులు. పర్మిట్ లేకుండా బియ్యం హద్దు దాటిస్తే నేరం.

“సబ్ జైలు కాడికి పోలేదా?” అని అడిగాను.

“ఈ పొద్దే పోయినా సామీ. పేరు సెప్పమన్న్యాడు ఆ జవాను. ఎట్ల సెప్పేది?”

మొగుడి పేరు నోటితో పలకని ఆడవాళ్లు మా వైపు చాలామంది ఉండేవారు. మునెమ్మ ఏడు వేళ్లు చూపించి, తిరుమల దిక్కుకు చెయ్యెత్తి దండం పెట్టిందట.

“అట్ల సూపిస్తే, ‘ఏడుగురా నీకు మొగుళ్లు’ అని నగినాడు సామీ. పక్కనుండేవాళ్లు కూడా నగినారు.”

“ఏడుకొండలేనామ్మా?”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. “పట్టకపోయే పొద్దుకే ఆయప్పకి జరం. బెయిలు యెప్పుడన్నా రానీ. నేనొచ్చినానని తెలిస్తే సాలు.”

మరునాడు, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో ఇద్దరం ఆ సబ్ జైలున్న తాలూకా ఊరికి పోయాం. ఊరి పేరు రాయను. ఆ కచేరీ వాళ్లకు తెలుసు. జవాను నన్ను కిందినుంచి పైకి చూశాడు.

“ఏం, వకీలు రాలేదా? బంట్రోతును పంపినాడా?”

ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

“ఏడుకొండలని రిమాండు ముద్దాయి ఉండాడా?”

“ఈడ లేడు.”

“సరిగా సూసి సెప్పప్పా.”

“లేడంటే లేడు. సెవుడా నీకు?”

రిమాండులో ఉన్నవాళ్లకు ఇంటి తిండి ఇవ్వవచ్చు. మునెమ్మ గుడ్డలో సంగటి ముద్ద కట్టుకొచ్చింది. ఆ మూటను రెండు చేతులతో పట్టుకుని గేటు సందులోంచి లోపలికి చూస్తూ నిలబడింది. పోదాం రమ్మని నేనే పిలిచాను. అతన్ని పట్టుకున్న స్టేషనుకు పోయాం. “ఆ సబ్ జైలుకే పంపినాము గదప్పా” అన్నారు వాళ్లు.

మర్నాడు పొద్దున మళ్లీ అదే గేటుకు వచ్చాం. సబ్ జైలుకు పై అధికారి తహసీల్దారే; ఆయన వచ్చేదాకా కదలనని ఎండలో కూర్చున్నాను. “కూసో, కూసో. నీకు బిరియాని తెప్పిస్తా” అని జవాను ఎగతాళి చేశాడు. అప్పుడే లోపల ఊడ్చి బయటికి వస్తున్న ముసలామె ఆగింది.

“జరంతో పడిపోయినోడి మనుషులా? మొన్ననే ఆసుపత్రికి మోసకపోయినారే!”

మొన్న అంటే, మునెమ్మ వేళ్లు చూపించి వెనక్కి తిరిగిపోయిన రోజే.

నేను జవాను వైపు తిరిగాను. అతని ముఖంలో ఏ మార్పూ లేదు. “నువ్వడిగింది ఈడుండాడా అనే గదా? ఈడ లేడన్న్యా. అబద్ధమా?”

ఆసుపత్రి అక్కడికి రెండు వీధుల అవతలే ఉంది. ఏడుకొండలు కాలికి గొలుసు వేసి, మంచానికి కట్టేశారు. కాపలా కానిస్టేబుల్ మంచివాడు. మునెమ్మను చూసి లేచి నిలబడ్డాడు. “ఇప్పుడా వచ్చేది తల్లీ? నిన్న సాయంత్రం దాకా ‘మా ఇంటిది వచ్చిందా’ అని అడగతానే ఉన్న్యాడు. రాత్రి నుంచి మాట లేదు.”

మునెమ్మ సంగటి మూట నేల మీద పెట్టింది. వంగి అతని చెవి దగ్గర నోరు పెట్టింది.

“ఏడుకొండలూ.”

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

“ఏడుకొండలూ, నేనొచ్చినా. ఏడుకొండలూ!” గొంతు పెద్దదైంది. వార్డులో వాళ్లందరూ తిరిగి చూశారు. అతను కళ్లు తెరవలేదు. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది. ఆ మాట అతనికి వినిపించిందో లేదో నాకు తెలియదు. “ఇనే ఉంటాడు గదా సామీ?” అని మునెమ్మ అడిగితే, వినే ఉంటాడన్నాను.

తహసీల్దారుకు ఫిర్యాదు ఇచ్చాను. లాభం లేకపోతే కలెక్టరుకు ఇచ్చాను. జవాను అడిగినదానికి సరైన జవాబే చెప్పాడని తేల్చారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆ తర్వాత నా చేతికింద పని నేర్చుకున్న ప్రతి గుమాస్తాకూ ఒకటే చెప్పాను: ‘లేడు’ అంటే గేటు వదిలి రావద్దు. ఎప్పుడు పోయాడు, ఎక్కడికి పోయాడు, ఎవరు తీసుకుపోయారు, అన్నీ చెప్పించుకునే రండి.

కొన్నేళ్లకు ఆ జవాను రిటైరై, ఏదో భూతగాదా పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కాడు. నన్ను గుర్తుపట్టలేదు.

“వకీలు గారుండారా అయ్యా?”

“ఈడ లేరు” అన్నాను.

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “యాడికి పోయినారు?” అన్నాడు.

ఆ రెండో ప్రశ్న అతనికి తెలుసు. ఆ రోజు గేటు దగ్గర కూడా తెలుసు.

“కోర్టులో ఉండారు” అని చెప్పి, నా పని చూసుకున్నాను.