మా నాయిన నేర్చుకున్న సోదట్టు

మా చిన్నతనంలో కంపెనీలో సెలవు కావాలంటే కాయితం మీద రాసి ఇవ్వాల్సిందే... అదీ ఇంగ్లీషులో. మా ఊరు ఇంద్రేశంలో ఆ కాయితాలు రాసేది బడికి పోయే పిల్లలమే.

నాయిన పటాన్‌చెరులో ఒక కంపెనీలో హెల్పరు. పొద్దున ఆరింటికే సైకిల్ హ్యాండిల్‌కు సద్దిగిన్నె తగిలించుకుని బయలుదేరేవాడు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు... ఇంగ్లీషులో సంతకం ఒక్కటే వచ్చు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సదాశివపేట దగ్గరి ఊరి నుంచి కబురు వచ్చింది. అక్కడ మా చిన్నాయన దగ్గర ఉండే నాయనమ్మకు పాణం బాగాలేదు. అన్నం ముట్టడం లేదు, పెద్దకొడుకును ఒక్కసారి చూడాలంటోంది.

నాయిన నా నోట్‌బుక్‌లోంచి కాయితం చింపి నా ముందు పెట్టాడు.

"నాలుగు దినాలు సెలవు కావాలని రాయి బిడ్డా. కొత్త సారొచ్చిండు. జెర మర్యాదగ రాయి."

ఆ మర్యాదే కొంప ముంచింది...

అంతకు ముందు వారమే సుగుణ టీచరు వాక్యాలను కలిపే మాటలు చెప్పారు. బికాజ్, సో, సో దట్, దేర్‌ఫోర్... బోర్డు మీద వరసగా ఉంటే అన్నీ ఒకటేననుకున్నాను. ఉత్త 'సో' పొట్టిగా, విసురుగా అనిపించింది. 'సో దట్' పెద్దమనుషుల మాటలా ఉంది. 'మై మదర్ ఈజ్ సిక్ సో దట్ ఐ గెట్ ఫోర్ డేస్ లీవ్' అని గుండ్రంగా రాసి, కింద నాయినతో సంతకం పెట్టించాను.

మర్నాడు కంపెనీ నుంచి నేరుగా సదాశివపేట బస్సెక్కాల్సిన నాయిన సాయంత్రానికి ఇంటికే వచ్చాడు.

"కాయిదం గలత్ ఉన్నదంట. రేపు మంచిగ రాసుకొని రమ్మన్నడు" అన్నాడు. చెప్పులు విడిచి, "సారు గట్టిగ సదివి నవ్విండు. ఆడున్నోళ్లందరు నవ్విన్రు. ఏందో మంచి మాటనే అనుకొని నేను గూడ నవ్విన" అన్నాడు.

కాయితం పట్టుకుని సుగుణ టీచరు దగ్గరికి పరుగెత్తాను. ఆమె మా వాడలోనే కిరాయికి ఉండేవారు. వాకిట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెడుతున్నారు. కాయితం చదివి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పొయ్యి ఎందుకు ముట్టిచ్చిన?"

"నీళ్లు కాగాలని..."

"గది సో దట్. మరి నీ కండ్లల్ల నీళ్లెందుకొస్తున్నయ్?"

నేను మోచేత్తో కళ్లు తుడుచుకున్నాను.

"పొగ కమ్మింది, అందుకు వస్తున్నయ్. గది సో" అన్నారామె మెల్లగా. "మీ నాయనమ్మకు బాగలేదు, అందుకు నాయినకు సెలవు కావాలె. నువ్వేం రాసినవ్? నాయినకు సెలవు దొరకాలని ఆమెకు జబ్బు చేసిందని రాసినవ్."

నా కళ్లల్లో నీళ్లు పొగవి కావని ఆమెకు తెలుసు. అయినా పొగ పేరే చెప్పారు... ఎన్నో ఏళ్ల తర్వాత గాని ఆ మంచితనం నాకు అర్థం కాలేదు.

కొత్త కాయితానికి సెలవు దొరికింది. నాయిన మధ్యాహ్నానికల్లా ఊరు చేరాడు. అప్పటికి నాయనమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి గాని, ఆ పొద్దుటే మాట పడిపోయింది. "నిన్నటిదాక నీ పేరే తీసింది అన్నా" అన్నాడట చిన్నాయన. నాయిన మూడు రోజులు మంచం పక్కనే కూర్చుని, చెంచాతో గంజి నోట్లో పోశాడు. మూడో రోజు ఆమె పోయింది.

దినాలప్పుడు చిన్నాయన ఈ మాటలు చెబుతుంటే విన్నాను. ఇక ఆగలేక నాయిన దగ్గరికి పోయి, "గా ఒక్క దినం నా వల్లనే పోయింది నాయినా" అని చెప్పేశాను.

నాయిన నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ వల్ల గాదు బిడ్డా. గా సారుకు నవ్వెతందుకు టైమ్ దొరికింది. మా అమ్మకు ఏమైందని అడిగెతందుకు దొరకలె." తర్వాత, "నాకు గూడ నేర్పు... ఏందది, గా సోదట్టు" అన్నాడు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం అన్నం తిన్నాక అరుగు మీద మా ఇద్దరి బడి. నాయినకు 'సో దట్' రెండు ముక్కలుగా ఎప్పుడూ రాలేదు... ఒక్క ఊపిరిలో సోదట్టు. "ఐ గో ఎర్లీ సోదట్టు ఐ గెట్ షేడ్ ఫర్ సైకిల్." "మై వైఫ్ హైడ్ షుగర్ సోదట్టు ఐ నాట్ ఈట్." తన పేరు రాకపోయినా అమ్మకు అనుమానమే. "ఏమంటున్నడే నన్ను?" అని లోపలి నుంచి అడిగేది.

నా పదో తరగతి పరీక్షలు వచ్చాయి. మొదటి రోజు నన్ను పటాన్‌చెరుకు తీసుకుపోవడానికి నాయిన సెలవు కాయితం తనే రాసుకున్నాడు. 'మై డాటర్ హ్యావ్ ఎగ్జామ్ సో ఐ వాంట్ వన్ డే లీవ్.' అందులో 'హ్యాజ్' బదులు 'హ్యావ్' అని ఒక తప్పు ఉంది. చూశాను... చెప్పలేదు.

కాయితం ఇచ్చిన సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. కంచం ముందు కూర్చుని, సగం తిన్నాక అన్నాడు... "ఇయ్యాల ఎవ్వలు నవ్వలె. సారు సదివి సంతకం వెట్టిండు. బిడ్డ ఏం సదువుతున్నదని అడిగిండు."

ఇప్పుడు నేను ముత్తంగి దగ్గర ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తున్నాను. సెలవులన్నీ ఫోన్‌లోనే. కారణం దగ్గర పనివాళ్లు 'పర్సనల్' అని నొక్కుతారు, నేను సరే అని నొక్కుతాను. రెండు నిమిషాల పని. తప్పులు ఉండవు, ఎవరూ నవ్వరు... ఎవరి అమ్మకు బాగాలేదో కూడా తెలియదు.

నాయిన పోయి ఆరేళ్లు. ఫొటోలు చాలానే ఉన్నాయి గాని, ఆ గొంతు ఎక్కడా దాచుకోలేదు... అరుగు మీద ఆ తప్పుల ఇంగ్లీషు ఒక్కసారి వినాలనిపిస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు మీరు నేర్పిన ఇంగ్లీషు మాట ఏదైనా ఉందా... వాళ్లు దాన్ని ఎలా పలికేవాళ్లో, అచ్చం అలాగే రాయండి. దిద్దకండి.