కట్టెలకే అన్న బీరువా

పాత ఫర్నిచర్ కొనేవాడు ఎవరింటికి వెళ్లినా మొదట తల అడ్డంగా ఊపుతాడు. జగిత్యాలలో కొట్టు పెట్టినప్పటి నుంచి నేనూ అంతే. మంచం చూస్తే కోడు వంగిందంటాను, కుర్చీ చూస్తే ఊగుతోందంటాను. ఆ ఒక్క మాట అనేసి వచ్చేస్తాను. నాలుగు రోజులాగి మళ్లీ వెళితే, ఆ మాట ఇంట్లోవాళ్ల మనసులో నాని ఉంటుంది. ఇక ధర నేను చెప్పిందే. దీన్ని అబద్ధమని ఎప్పుడూ అనుకోలేదు. బేరం అనుకున్నాను.

పోయిన ఎండాకాలం సిరిసిల్ల నుంచి ఒకామె ఫోన్ చేసింది. స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి. ఇంటి ఓనరు కొత్తిల్లు కట్టుకుని, గోడలకే కప్‌బోర్డులు చేయించుకుని, పాత టేకు బీరువాను ఈమె అద్దెకుండే ముందు గదిలోనే వదిలేశాడట. ఉంచుకుంటావో అమ్ముకుంటావో నీ ఇష్టమన్నాడట. దాన్ని అమ్మి ఇంకో కుట్టుమిషను కొనాలని ఆమె ఆశ. రెండో మిషనుంటే ఆడబిడ్డ కూడా కూర్చుంటుంది, బడులు తెరిచేలోపు ఎక్కువ పని ఒప్పుకోవచ్చు.

బీరువా చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. తలుపులు ఒక్కొక్కటీ ఒకే పలకతో చేసినవి. అంత వెడల్పు టేకు ఇప్పుడెక్కడా దొరకదు. వెనక చెక్క మాత్రం ఒక మూల పొడిపొడిగా రాలుతోంది. నేను ఆ మూలనే వేలితో గీకి, పొడి ఆమెకు చూపించాను.

"చెద పట్టింది చెల్లె. కట్టెలకే పనికొస్తది."

"గంతేనా అన్నా? గింత బరువున్నది గద!"

"బరువుంటె ఏం జేస్తం? ఉండనీ. మళ్ల గిటొస్తే చూస్త."

మళ్లీ వెళ్లేసరికి పక్కింట్లో దావత్. వాకిట్లో పెద్ద గిన్నెల కింద మండుతున్నవి బీరువా అరలు. వెనక చెక్క అప్పటికే పోయింది. ఒక ముసలాయన తలుపును రాయికి ఆనించి గొడ్డలి ఎత్తుతున్నాడు.

"ఆగు తాతా!" అని అరిచాను.

ఆమె నవ్వుకుంటూ వచ్చింది. "ఏమైందన్నా? కట్టెలకే అన్నవని వీళ్లకిచ్చిన. మంచిగ మండుతున్నయ్."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నన్ను నమ్మింది, అంతే. ఇంకేదో చెప్పి, మిగిలింది ఆటోలో వేసుకుని వచ్చేయొచ్చు. ఆ ఆలోచన రాలేదని అనను. కానీ నా చేయి తలుపు మీద ఉంది. అది నున్నగా, ఎక్కడా పురుగు లేకుండా ఉంది. నా మాట విని ఇంకెన్ని ఇళ్లలో ఏమేం పొయ్యిలోకి పోయాయో నాకు తెలియదు.

"చెల్లె, నేను తప్పు చెప్పిన. గిది మంచి టేకు. తక్కువకు కొందామని గట్ల అన్న."

ఆమె మంట వైపు చూసింది.

"అంటె నా మిషను గా పొయ్యిల కాలుతున్నదా?"

ముసలాయన గొడ్డలి దించి నన్ను ఎగాదిగా చూశాడు. "గీన్ని గూడ పొయ్యిల వెట్టాలె" అన్నాడు.

ఆమెను అడిగి రెండు తలుపులనూ, చట్రాన్నీ కోరుట్లలో నాకు చెక్కపని చేసిపెట్టే మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఉర్దూలో తిట్టి తెలుగులో నవ్వాడు. "కొనెటోడే కాలవెట్టిచ్చుడు నీ దగ్గర్నే చూసిన మియా!" తలుపులు పక్కపక్కన బిగించి, చట్రంతో కాళ్లు చేసి, బట్ట కత్తిరించే బల్ల తయారుచేశాడు. నా కొట్టులో దుమ్ముపట్టి ఉన్న కుట్టుమిషనునూ దాంతోపాటు ఆటోలో ఎక్కించాను. కాలిపోయినదానికి అది సరిపోతుందో లేదో ఆమే చెప్పాలి.

ఆమె బల్లను చేత్తో తడిమింది. మిషను చక్రం తిప్పి చూసింది.

"ఇది ఎట్లున్నది? నిజం చెప్పాలె."

"బెల్టు సాగింది, మార్చాలె. మిగతదంత మంచిగున్నది."

"అయితె బెల్టు గూడ నువ్వే తేపో" అంది. తెచ్చాను.

ఇప్పుడు ఆ ముందు గదిలో వదినా ఆడబిడ్డా ఇద్దరూ కుడుతున్నారు. మొన్న గంభీరావుపేట నుంచి ఒక పెద్దమ్మ ఫోన్ చేసింది, పాత మంచం అమ్ముతుందట. నా నంబరు సిరిసిల్లలో కుట్టే ఆమె ఇచ్చిందట.

"మనిషి మంచోడే, గని కట్టెలకే అంటె గొడ్డలి తియ్యకు, మళ్లొక్కపారి అడుగు అన్నది. అడుగాల్నా కొడుకా?"

"అడుగు పెద్దమ్మా," అన్నాను. "రెండు పార్లు అడుగు."