జోడా చూసుకొని రావలెను

ఇప్పుడు చెప్పుల కొట్టులో అడుగు పెడితే కొట్టాయన ముందుగా నంబరు అడుగుతాడు. ఏడా, ఎనిమిదా, తొమ్మిదా అని. ఆ రోజుల్లో మా కాళ్లకు నంబర్లుండేవి కావు. చిన్న కాలు, పెద్ద కాలు, మా బాపు కాలు అని మూడే రకాలు. మాది వేములవాడ దగ్గర చిన్న ఊరు, మగ్గం నేసే ఇల్లు. గుంతలో కూర్చుని మగ్గం పలకలు తొక్కీ తొక్కీ మా ఇంట్లో అందరి పాదాలూ ముందువైపు విసనకర్రల్లా విచ్చుకుని ఉండేవి. (మా బాపు బొటనవేలికీ దాని పక్క వేలికీ నడుమ నుంచి కోడిపిల్ల దాటిపోవడం నేను కళ్లారా చూశాను. నమ్మకపోతే మీ ఇష్టం. సాక్ష్యం చెప్పడానికి కోడిపిల్ల ఇప్పుడు లేదు.) అలాంటి కాళ్లకు చెప్పులు కుట్టడం ఎవరి వల్లా కాక, ఎండాకాలం కూడా మేం వట్టి కాళ్లతోనే తిరిగేవాళ్లం. దూరం నడవాల్సిన మనిషి తనకు సరిపడేదాన్ని ఎంచుకోవడంలో ఎంత అయోమయం ఉంటుందో నాకు ఇరవయ్యో ఏడు వచ్చేదాకా తెలియదు.

అప్పటికి హైదరాబాదు రాష్ట్రం ఇంకా ముక్కలు కాలేదు. కచేరీల్లో ఉర్దూ, మరాఠీ, తెలుగు మూడూ ఒకే నాలుక మీద కాపురం చేసేవి. మిల్లు బట్ట వచ్చాక మా మగ్గం నెలలో సగం రోజులు ఊరికే ఉండేది. అలాంటప్పుడు ఆసిఫాబాదు అవతల అడవి హద్దులు కొలిచే జట్టులోకి చదువుకున్న పిల్లలు కావాలని తెలిసి, నేను వెళ్లి ఆ జట్టు పెద్దకు కనిపించి వచ్చాను. సామాన్ల సంచి వీపుకు కట్టుకుని నలభై రోజులు అడవిలో నడవాలి, నేల కొలిచే గొలుసు లాగాలి, కొలతలు రాయాలి. అదీ పని. ఆ పెద్దమనిషిది మరాఠీ దేశం, ముక్కు మీద దళసరి అద్దాలు. మేం చష్మా సాహెబు అనేవాళ్లం. ఆయన నా సర్టిఫికెట్ల వంక ఒక్కసారి చూసి, నా కాళ్ల వంక చాలాసేపు చూసి, మరాఠీలో ఏదో అన్నాడు. నేను తల ఊపాను. (ఆ వయసులో నాకు అర్థం కాని ప్రతిదానికీ తల ఊపడం అలవాటు. ఈ వయసులో అర్థమైనవాటికే ఊపుతాను, అందుకే అరుదు.) పెద్దమనిషి సిగ్గరి కాబోలు, మొహం చూడలేక కాళ్లు చూశాడనుకుని ఇంటికి వచ్చేశాను.

పది రోజులకు కార్డు వచ్చింది. దాన్ని చదివే అధికారం మా ఇంట్లో మా అక్క మొగుడిది. నాకు చదువు రాక కాదు, బావ కరీంనగరం కచేరీలో జవాను కాబట్టి సర్కారు మాటకు అర్థం ఆయనే చెప్పాలని మా బాపు నమ్మకం. బావ గొంతు సవరించుకుని చదివాడు. "పున్నమి నాటికి హాజరు కావలెను. వచ్చునపుడు మంచి జోడా చూసుకొని రావలెను. జోడా లేనివారిని జట్టులో చేర్చుకొనరు. మరీ కొత్తదైనచో బాధ పెట్టును గనుక వారం దినములు తిప్పి, మెత్తబరచుకొని తేవలెను. వానకు తడిసినను విడిపోనిదై, రాళ్లకు ముండ్లకు ఓర్చునదై ఉండవలెను."

బాపు మగ్గం ఆపి గుంతలో నుంచి పైకి లేచాడు.

"జోడ అంటె ఏంది అల్లుడా?" అన్నాడు బాపు.

"ఏముంది మామా, జోడే. పెండ్లాం," అన్నాడు బావ.

"సర్కారుకు వీని పెండ్లాంతోటి ఏం పని?" అంది అవ్వ. మా దిక్కున అమ్మను అవ్వ అంటాం.

"అడివిల నలబై దినాలు అత్తమ్మా. ఒంటిగాండ్లు నిలుస్తలేరట. రెండో దినమే ఇంటికి ఉరుకుతుండ్రట. జోడ పక్కన ఉంటె ఏడికి ఉరుకుతడు?"

"మరి మరీ కొత్తది వద్దంటుండ్రేంది?"

బావ కార్డును వెనక్కి తిప్పి చూశాడు. వెనక చిరునామా తప్ప ఏమీ లేదు. "కొత్తల పుట్టింటి మీద గుబులుంటది గద, ఏడుస్తది. పని చెడుతది. వారం దినాలు ఊరంత తిప్పి అలవాటు జేసి తెమ్మంటుండు. సర్కారు అన్నీ ఆలోచన జేస్తది."

"తిప్పితె మెత్తబడ్తదా?" అంది అవ్వ. "గీ మనిషి నన్ను ముప్పై ఏండ్లసంది తిప్పుతుండు. నేనేం మెత్తబడలే."

"అందుకే నాకు సర్కారు కొలువు రాలే," అన్నాడు బాపు.

నన్నెవరూ ఏమీ అడగలేదు. చష్మా సాహెబు నా కాళ్లు చూసి నాకు పెళ్లి కాలేదని ఎలా కనిపెట్టాడో నాకు అంతుపట్టలేదు. పున్నమికి పదకొండు రోజులే ఉంది. మా ఇంటా వంటా లేని సర్కారు కొలువు, పిల్ల దొరక్క జారిపోతుందేమోనని బాపు ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

మూడోనాటికి బావ ఒక సంబంధం పట్టుకొచ్చాడు. మా ఊరికి నాలుగు కోసుల, అంటే ఎనిమిది మైళ్ల దూరంలో జగిత్యాల వైపు ఊరు, వాళ్లూ నేసేవాళ్లే. పిల్ల చదువుకుంది, నోరుందని చెప్పుకుంటారు. "రాళ్లకు ముండ్లకు ఓర్చుతదా?" అని బాపు అడిగితే, "ఆమెకు మనం ఓర్చాలె," అన్నాడు బావ. ఇక నా వేషం. సర్కారు నౌకరు వట్టి కాళ్లతో పోతే పిల్లనెవరిస్తారని బావ తన కచేరీ బూట్లు తెచ్చి ముందు పెట్టాడు. బావ కాలు కలంలాగా సన్నగా ఉంటుంది. నాది మగ్గం కాలు. ఆముదం రాసి, ముందు నుంచి బావ లాగి, వెనక నుంచి బాపు నూకి, మొత్తానికి నన్ను అందులోకి దింపారు. మొదటి కోసు బాగానే నడిచాను. రెండో కోసులో బూట్లలో నుంచి మూలుగు వినిపించింది. అది తోలు చప్పుడని బావ అన్నాడు. మూడో కోసుకు వచ్చేసరికి నా కాళ్లు నావి కావు. నాలుగో కోసులో ఎదురుగా వచ్చిన ఎడ్లబండి ఎద్దు నా నడక చూసి, జాలితో పక్కకు తప్పుకుని దారిచ్చింది. (ఇది బావను అడిగి నిర్ధారించుకోవచ్చు.)

పిల్లవాళ్ల ఇల్లు అప్పుడే అలికి ముగ్గు వేసి ఉంది. గడప పక్కన పిల్ల నాయనమ్మ కూర్చుంది. గోదావరి అవతలి మరాఠీ దేశం నుంచి కోడలిగా వచ్చి యాభై ఏళ్లయినా ఆ ముసలమ్మ నోట మరాఠీయే ముందు వస్తుందని మాకెవరూ చెప్పలేదు. లోపల చాప మీద పిల్ల తల వంచుకుని కూర్చుంది. నేను గడప దగ్గరికి రాగానే ముసలమ్మ నా వైపు చెయ్యి చాపి, "జోడా కాఢా బాబా, జోడా కాఢా," అంది.

మా దిక్కున కాడ అంటే దగ్గర. బాయి కాడ, బడి కాడ అంటాం. జోడ కాడ కూర్చోమంటున్నదని నాకు స్పష్టంగా అర్థమైంది. ఇంత తొందర పనికిరాదేమో అనిపించింది గానీ, పెద్దావిడ మాట, పైగా నిలబడే ఓపిక లేదు. టకటకమని అలికిన నేల మీద నడిచి వెళ్లి పిల్ల పక్కన చాప మీద కూర్చున్నాను. ముసలమ్మ గొంతు పెంచింది. "అరె, జోడా కాఢా." ఇంకా దగ్గర కావాలి కాబోలని నేను మరికాస్త జరిగాను. ఆమె చేతికర్ర ఎత్తి మళ్లీ అదే మాట అంది. మళ్లీ జరిగాను.

"ఇంక జరిగితె నేను గోడలకు పోవాలె," అంది పిల్ల, తల ఎత్తకుండానే. తర్వాత మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "మా ముసలవ్వ బూట్లు ఇడువుమంటుంది. మరాఠిల జోడా అంటె చెప్పులు. కాఢా అంటె ఇడువుమనుడు."

బాపు బావ వంక చూశాడు. బావ దూలం వంక చూశాడు. బాపు మెల్లగా రొంటిన ఉన్న కార్డు తీసి పిల్ల చేతికిచ్చాడు. "గిది జర చదువు బిడ్డా. పిలిచిన సాహెబుది మరాఠి దేశమట," అన్నాడు. ఆమె పైనుంచి కిందిదాకా చదివింది. మళ్లీ చదివింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ సాహెబు మరాఠిల చెప్పిండు, రాసినాయన తెలుగుల రాసిండు, ఒక్క ముక్క గట్లనే ఉంచిండు. నడుసుటానికి మంచి బూట్లు తెచ్చుకొమ్మని రాసిండ్రు. కొత్తయి కరుస్తయి గద, అందుకే తొడుక్కొని తిరిగి మెత్తజేసుకొమ్మన్నరు." కార్డు వంక మళ్లీ చూసి, "గిది పట్టుకొనేనా మీరు నన్ను చూడొచ్చింది?" అంది.

"అంటే..." అని బాపు కార్డు వెనక్కి తీసుకున్నాడు. "అంటే మాకు పిల్ల వద్దా మరి?"

"సర్కారుకు వద్దు. మీ సంగతి మీరు చూసుకోండ్రి."

అప్పటికి పున్నమికి ఎనిమిది రోజులు. నావంటూ బూట్లు లేవు. ఉన్న బూట్లు ఊడి రావడం లేదు. బావ ఒకదాన్నీ బాపు ఒకదాన్నీ పట్టుకుని చెరో వైపు లాగితే నేను చాపతో సహా వాకిట్లోకి వచ్చాను గానీ బూట్లు రాలేదు. చివరికి ముసలమ్మే వేడినీళ్లు తెప్పించి, తడిపి, లేసులు మొదలంటా విప్పించి, నా రెండు పాదాలను మళ్లీ లోకానికి చూపించింది. అవి ఉడికిన చామగడ్డల్లా ఉన్నాయి. పసుపూ వెన్నా పూస్తూ ఆమె మరాఠీలో ఏదో అంటుంటే మనుమరాలు తెలుగులో చెప్పింది. "మా ముసలవ్వ పుట్టింటోళ్లు ఏడాదికోసారి పండరిపురం నడిచిపోతరు. నడిచెటోనికి కాలే దేవుడంటుంది." అని, లోపలి నుంచి ఒక పాత కాగితమూ బొగ్గుముక్కా తెచ్చి నా ముందు పడేసింది. "నిలబడుండ్రి. కూసోని కాదు, నిలబడాలె. ఒంటి బరువు మీద పడితెనే కాలు అసలెంతుందో తెలుస్తది."

"వాసింది గద," అన్నాను. ఆమెతో నేనన్న మొదటి మాట అదే.

"వాసిందే కొలువాలె. నడిచినంక కాలు ఉబ్బుతది. పొద్దుగాల కొన్నయి పొద్దుమూకెవరకు ఇరుకైతయి." బాపు వంగి నా పాదాల చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. మా బాపు ఏ చీర అంచూ అంత శ్రద్ధగా నేయలేదు.

బయల్దేరుతుంటే బాపు గడప దగ్గర ఆగి, "మరి సంబంధం సంగతి ఏం జేద్దాం బిడ్డా?" అన్నాడు. లోపలి నుంచి జవాబు వచ్చింది. "ముందు గా జోడా సంగతి చూసుకొమ్మనుండ్రి. నలబై దినాలు నడిచొచ్చినంక, తొడిగిన బూట్లు దెచ్చి నాకు చూపియ్యుమనుండ్రి. అప్పుడు చెప్త."

కాగితం పట్టుకుని సాయంకాలం వేళ కరీంనగరం పోయాను. కొట్లలో ఏ జతా ఆ గీతలోకి రాలేదు. "ఇది కాలా, తామరాకా?" అని ఒకాయన నిజంగానే అడిగాడు. చివరికి గడియారం స్తంభం దగ్గర కూర్చునే ఒక ముసలి మోచీ ఆ కాగితాన్ని నేల మీద పరిచి, చాలాసేపు చూసి, "ఎవరు గీసిండ్రో, తెలిసినోళ్లు గీసిండ్రు," అని రెండు రోజుల్లో కుట్టిచ్చాడు. ముందువైపు ఇల్లంత విశాలం, మడమ దగ్గర గట్టి పట్టు. మిగిలిన రోజుల్లో వాటిని తిప్పి మెత్తబరచాలి కదా. నేను రోజూ పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి వచ్చేవాణ్ణి. ఎటు పోతున్నావురా అని అవ్వ అడిగితే, జోడా మెత్తజేస్తున్నానని చెప్పాను. జగిత్యాల దారిలో నాలుగు కోసులు పోయి, ఒక ఊరి మొదట్లో కాసేపు నిలబడి, తిరిగి వచ్చేవాణ్ణి. ఆ దారి నేల మెత్తన.

పున్నమి నాడు ఆసిఫాబాదులో చష్మా సాహెబు మమ్మల్ని వరసగా నిలబెట్టి మొహాలు వదిలేసి కాళ్లు చూసుకుంటూ వచ్చాడు. నా ముందున్న ఇద్దరిని, కొత్త బూట్లతో కుంటుతున్నారని వెనక్కి పంపేశాడు. నా దగ్గర ఆగి, వంగి, వేలితో ముందువైపు నొక్కి చూసి మొదటిసారి మెచ్చుకోలుగా నవ్వాడు. "జోడా చాంగలా ఆహే. ఎక్కడ దొరికింది?"

"జగిత్యాల దిక్కు సార్. ఇంకా ఖాయం కాలే," అన్నాను.

ఆ మాటకు అర్థమేమిటో ఆయన నలభై రోజులూ ఆలోచించినట్టున్నాడు. అప్పుడప్పుడు కొలతల పుస్తకం మీద నుంచి తలెత్తి నా కాళ్ల వంక అనుమానంగా చూసేవాడు.

తిరిగి వచ్చి, బూట్లు చేత్తో పట్టుకుని, ఆ ఇంటి గడప ముందు నిలబడ్డాను. (ఈసారి ముసలమ్మ చెప్పకముందే విడిచాను.) ఆ పిల్ల వాటిని తిరగేసి అడుగులు చూసింది. "ఎడమది ఎక్కువ అరిగింది. మనిషి ఎడమ దిక్కుకు ఒరుగుతడు," అంది. నా పని అయిపోయిందనుకున్నాను. "ఫికర్ లేదు, నేను గా దిక్కే నడుస్త," అంది.

ఆ బూట్లు ఏనాడో పోయాయి, తర్వాత తొడిగినవీ కుట్టించుకున్నవే. మొన్న డాక్టరు రోజూ రెండు మైళ్లు నడవమంటే కొట్టుకు పోయాను. కొట్టాయన నంబరు అడిగాడు. తెలియక ఇంటికొచ్చి, పెట్టె అడుగున బట్టల కింద ఉన్న ఆ బొగ్గు గీతల కాగితం తీసి నేల మీద పరిచి నిలబడ్డాను. కాలు నాలుగు వైపులా గీత దాటిపోయింది. ఆ రోజు వాచిన కాలికన్నా ఈ రోజు వాపు లేని కాలే పెద్దది. మా ఆవిడ నా ఎడమ పక్కకు వచ్చి, నా పాదాలనూ కాగితాన్నీ కాసేపు చూసింది.

"కాగితం గుంజుకపోయి చిన్నగైంది," అంది.

ఇన్నేళ్లలో మా ఇంట్లో నేను కాక ఇంకొకరు ఆడిన అబద్ధం అదొక్కటే. సాయంత్రం దాకా ఆగి, ఇద్దరం కలిసి కొట్టుకు పోయాం.