జోడీని విడదీసిన రోజు

తెలుగు వినిపించని ఈ హిందీ ఊళ్లో, మోప్కా దారిలో మేము కడుతున్న అపార్ట్‌మెంట్లలో పని నత్తనడక నడుస్తోందని మేనేజరు నా నెత్తిన ఒక కొత్త పని పెట్టాడు. ఐదు నిమిషాలకోసారి ఎవరు పని చేస్తున్నారో, ఎవరు ఖాళీగా ఉన్నారో ఫోన్లో గుర్తు పెట్టాలి. సైటు ఇంజనీరుని కదా, ఎదురు బ్లాకు స్లాబు మీద నీడలో కుర్చీ వేసుకుని, అందరి బద్ధకం తేల్చేస్తానని మహా హుషారుగా కూర్చున్నాను. అంత తెలివితక్కువ హుషారు నాకు మళ్లీ రాకూడదు.

మూడో రోజుకి ఒక జంట దొరికింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలి తాపీమేస్త్రీ, ఆయన భార్య. మొగుడు గోడ కడుతుంటే పెళ్లాం సిమెంటు మాలు అందించడం సైట్లో మామూలే. అలాంటివాళ్లని జోడీ అంటారు. ఈమె మాత్రం గిన్నెడు మాలు అందించి, వెళ్లకుండా పక్కనే నిలబడేది. ఇటుక పెట్టినప్పుడల్లా ఏదో చెప్పేది. మా రైల్వే క్వార్టర్లో నాన్న డ్యూటీకి బయల్దేరితే అమ్మ గుమ్మం దాకా మాట్లాడుతూనే వెళ్లేది. ఇదీ అలాంటి సోదే అనుకుని, ఆమెకి ‘ఖాళీ’ అని పదే పదే నొక్కాను.

సోమవారం ఆమెని పక్క బ్లాకులో కుర్ర మేస్త్రీలకి మాలు మోయమని పంపాను. అక్కడ పని జోరందుకుంది. మేనేజరు “అచ్ఛా, బఢియా!” అని భుజం తట్టాడు. నేనూ పొంగిపోయాను.

మధ్యాహ్నానికి ముసలాయన గోడ పొట్ట వేసింది. నాలుగు వరసలు దాటాక ఇటుకలు, వరస తిన్నగా రావడానికి కట్టిన దారం విడిచి బయటికొచ్చాయి. మేనేజరు దాన్ని పగలగొట్టించి, రేపటి నుంచి రావద్దని ఆయనతో చెప్పేశాడు. నేను దగ్గరికెళ్లి, “ఏటైంది మేస్త్రీ?” అని అడిగాను.

“దారం అగుపడ్డం మానేసి శానాళ్లయింది బాబూ,” అన్నాడు. “అది పక్కనుండి ఎడం, కుడి అని సెప్తాది, నాను పెడతాను. ఇక్కడోలికి మన మాట రాదు కద, ఎవులికీ తెల్దు.”

మేనేజరు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. తప్పు నాదని, ఇద్దర్నీ మళ్లీ కలిపితే గోడ నిలుస్తుందని చెప్పడానికి నాకు నోరుంది. చెప్పలేదు. కళ్లు కనపడని మేస్త్రీని ఎవరుంచుకుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. పొద్దున అందుకున్న మెప్పు పోతుందని భయపడ్డాను. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కబురు తెలిసి ఆమె వచ్చింది. ఆమెని ఎవరూ పొమ్మనలేదు. మాలు గిన్నె బోర్లించి, ఆయన తాపీ కడిగి సంచిలో వేసుకుంది. నా ఎదుట ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“మీకు తెలుగొచ్చు కద బాబూ,” అంది. “ఓపాలి దగ్గరకొచ్చి ఇనుంటే ఏటయ్యేది?”

ఇద్దరూ గేటు దాటి రోడ్డెక్కారు. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంది. ఎవరైనా కనిపెట్టేస్తారని, సైట్లో పనిచేసినన్నాళ్లూ వాళ్లు ఒక్కసారైనా అలా నడవలేదు.