మొన్నీమధ్యే

ట్యాక్సీ నడిపే మా చిన్నాన్న ఇంట్లో ఉన్నా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు. ఉద్యోగానికి వెళ్లే కూతురికి రోజూ ఫోన్ చేసి, చేరావా అని అడుగుతాడు. అలాంటి మనిషి పిన్ని వాళ్ల అన్నయ్య దగ్గర పాత డీజిల్ కారు కొన్నాడు.

"టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్పించావు బావా?"

"మొన్నీమధ్యే."

ఆ మాట నమ్మి బండి రోడ్డెక్కించాడు గానీ మనసు కుదుటపడలేదు. రేడియో కట్టేసి, ఇంజను చప్పుడే వింటూ నడిపాడు. బండి చూపించడానికి వెళ్లినప్పుడు ఆ సంగతి చెబితే మెకానిక్ నవ్వాడు.

"బెల్టు చెప్పి తెగదన్నా. తెగిందా, ఇంజను లోపలంతా నుజ్జునుజ్జే. ఇన్ని కిలోమీటర్లకో ఇన్నేళ్లకో మార్చాలని కంపెనీవాళ్లు చెప్తారు. రెండింట్లో ఏది ముందొస్తే అప్పుడు మార్చెయ్యాలి. పాతది ఎప్పుడు మార్చారో తెలీకపోతే ఇవాళే మార్చాలి."

తెలుసో తెలియదో చిన్నాన్నకే తెలియలేదు. చిరాగ్గా ఇంటికి ఫోన్ చేశాడు.

"మీ అన్నయ్య మొన్నీమధ్యే అన్నాడంటే ఎన్నాళ్లయినట్టే?"



"ఏమోనండీ. మన పెళ్లయింది కూడా మొన్నీమధ్యేనంటాడు."

చిన్నాన్న ఫోన్ పెట్టేసి తాళాలు మెకానిక్ చేతిలో పెట్టాడు.